కొబ్బరి చిప్ప బొగ్గు తాగిస్తే విషం విరుగుతుందా? వాట్సాప్ మెసేజ్ గురించి అడుగుతున్నాను

కవిటి_కొబ్బరి

అందరికీ నమస్కారం. మా ఊరి వాట్సాప్ గ్రూపులో నిన్నటి నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. ఎవరైనా పురుగుల మందు తాగినా, పిల్లలు పొరపాటున ఏదైనా మింగినా, కొబ్బరి చిప్ప కాల్చి ఆ బొగ్గు పొడి నీళ్లలో కలిపి తాగించాలట. పెద్దాసుపత్రుల్లో ఇచ్చేది కూడా ఇదేనట, పేరు మార్చి వేలకు వేలు గుంజుతారట. మాది ఉద్దానం, చిప్పలకేం కొదవ? అప్పుడే ఇద్దరు ముగ్గురు పొడి చేసి డబ్బాలో పెట్టుకుంటామంటున్నారు. మా మావయ్యయితే మాడిన అట్టు తిన్నా చాలని ఇంకో ముక్క కలిపాడు. ఇందులో నిజం ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి, నేను గ్రూపులో పెడతాను.

ఏటిగట్టు

మాడిన అట్టు విరుగుడైతే మా హాస్టల్లో చదివినోళ్లకి ఈ జన్మలో విషం ఎక్కదు.

రాజాం_మందులషాపు

మెసేజ్‌లో సగం నిజం ఉంది. అందుకే అది ప్రమాదం. పూర్తి అబద్ధమైతే ఎవరూ నమ్మరు.

ఆసుపత్రుల్లో కొన్ని రకాల విషాలకి యాక్టివేటెడ్ చార్‌కోల్, అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొడి, ఇవ్వడం నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, మన దేశపు జాబితాలోనూ అది ఉంది. దాన్ని చాలావరకు కొబ్బరి చిప్పల నుంచి చేయడమూ నిజమే. కానీ పొయ్యిలో కాల్చిన బొగ్గు వేరు, ఇది వేరు. అది ఎలా తయారవుతుందో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు చెబితే బాగుంటుంది.

షాపులో మాకు ఎదురయ్యే ఇంకో సంగతి. కడుపుబ్బరానికి వాడే చార్‌కోల్ మాత్రలు ఉంటాయి కదా, "అవి నాలుగు ఇంట్లో పెట్టుకుంటే ఎప్పుడైనా పనికొస్తాయి కదండీ" అని అడుగుతారు. ఒక్కో మాత్రలో 250 మిల్లీగ్రాములు ఉందనుకోండి. విషం కేసులో పెద్దవాళ్లకి ఆసుపత్రిలో ఇచ్చేది సుమారు 50 గ్రాములు. అంటే 200 మాత్రలు. వాంతి వస్తున్న మనిషి చేత ఎవరు మింగిస్తారు? అక్కడ ఇచ్చేది మెత్తని పొడి, నీళ్లలో చిక్కగా కలిపిన నల్లటి ద్రవం. మాత్ర ఆ పని చేయదు.

చిప్పల_లోడు

నన్నే పిలిచినట్టుంది. మాది సోంపేట వైపు, చిప్పల బొగ్గు కాల్చి లోడ్లు పంపుతాం.

మేము చేసేది మామూలు బొగ్గు. గొయ్యిలోనో డ్రమ్ములోనో గాలి సరిగా ఆడకుండా కాలుస్తాం, బూడిద కాకుండా బొగ్గయ్యేలా. అది ఫ్యాక్టరీకి వెళ్లాక అసలు పని మొదలవుతుంది. 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో దాని మీదికి ఆవిరి పంపిస్తారు. అప్పుడు బొగ్గు లోపల కంటికి కనబడని కన్నాలు కోట్లలో పడతాయి. దాన్నే యాక్టివేషన్ అంటారు. మన నీళ్ల ప్లాంట్లలో కార్బన్ ఫిల్టర్ ఉంటుంది చూడండి, అందులోని నల్ల గింజలు ఈ జాతివే. అలాగని ఫిల్టర్ విప్పి తాగించకండి బాబూ, మందుకి వాడే పొడికి మెత్తదనం వేరు, శుభ్రత వేరు, పరీక్షలు వేరు.

ఆ కన్నాల గోడలన్నీ పరిచి కొలిస్తే ఒక్క గ్రాములో దాదాపు 1000 చదరపు మీటర్లు ఉంటుందని మాకు కొనుగోలుదారు చెప్పాడు. మన లెక్కలో పాతిక సెంట్లు. చిటికెడు పొడిలో పాతిక సెంట్ల నేల! ఇంట్లో కాల్చిన బొగ్గుకి అంత విస్తీర్ణం ఎక్కడిది? మాడిన అట్టుకి అసలే లేదు.

ఆసుపత్రులు వేలకు వేలు గుంజుతున్నాయన్నది ఈ పొడి విషయంలో నాకైతే నమ్మబుద్ధి కాదు. పొడి పెద్ద ఖరీదైన సరుకు కాదు. బిల్లు పెరిగేది ఐసీయూ వల్ల.

క్యాజువాలిటీ_నైట్

ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో పని చేస్తాను, ఏ ఊరో చెప్పను. ఈ మెసేజ్ మా దగ్గరికీ వచ్చింది. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

చార్‌కోల్ విషాన్ని "విరిచేది" కాదు. రక్తంలోకి వెళ్లిపోయిన దాన్ని మామూలుగా అది ఏమీ చేయలేదు. ఇంకా కడుపులో, పేగుల్లో ఉన్నదాన్ని తన ఒంటికి అంటించుకుని మలం దారిన బయటికి తీసుకుపోతుంది, అంతే. అందుకే టైమ్ ముఖ్యం. మింగిన గంటలోపు ఇస్తేనే ఎక్కువ ఉపయోగం. అమెరికా, యూరప్ విష వైద్య నిపుణుల సంఘాలు కలిసి 1997లోనూ, మళ్లీ 2005లోనూ చెప్పింది ఇదే: వచ్చిన ప్రతివాళ్లకీ అలవాటుగా ఇవ్వొద్దు, గంటలోపు వస్తే ఆలోచించండి అని.

రెండో సంగతి, దానికి అన్నీ అంటుకోవు. ఐరన్ మాత్రలు అంటుకోవు. మానసిక జబ్బుకి ఇచ్చే లిథియం అంటుకోదు. సారా, మిథనాల్ లాంటివి అంటుకోవు. యాసిడ్, బాత్రూమ్ క్లీనర్ లాంటి కాల్చేసే వాటికి ఇవ్వకూడదు. లాభం లేకపోగా, తర్వాత ఎండోస్కోపీ చేద్దామంటే లోపలంతా నలుపు, పుండు ఎక్కడుందో కనబడదు. కిరోసిన్, పెట్రోల్ తాగిన పిల్లలకీ ఇవ్వం. వాళ్లకి అసలు ముప్పు కడుపుతో కాదు, ఊపిరితిత్తులతో. వాంతి చేయించారంటే కిరోసిన్ రెండోసారి గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి దిగే అవకాశం ఇచ్చినట్టే.

మూడోది, నాకు అన్నిటికన్నా భయం కలిగించేది. మగతగా ఉన్న మనిషి నోట్లో ఈ నల్లటి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. మేము కూడా అలాంటివాళ్లకి ముందు శ్వాసనాళంలో గొట్టం వేసి దారి భద్రం చేసుకున్నాకే ఆలోచిస్తాం. ఇంట్లో ఇద్దరు చేతులు పట్టుకుని, ఒకరు ముక్కు మూసి, ఇంకొకరు గ్లాసుతో పోయడం ఊహించుకోండి. విషం నుంచి బయటపడాల్సిన మనిషి న్యుమోనియాతో పోవచ్చు.

పాతపట్నం_మాస్టారు

డాక్టర్ గారూ, నమస్కారం. మీరు చెప్పిన గంట దగ్గరే నాకు పేచీ ఉంది.

మా బడి పిల్లలు ఒకసారి ఆటల్లో అడవి ఆముదం కాయలు పల్లీల్లా ఉన్నాయని తిన్నారు. వాంతులు, విరేచనాలు, ఊరంతా టెన్షన్. అందరూ క్షేమంగానే బయటపడ్డారు, అది వేరే మాట. కానీ ఆటో దొరికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, అక్కడ నుంచి పెద్దాసుపత్రికి పంపేసరికి మీ గంట ఎప్పుడో దాటిపోయింది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం నూరు కిలోమీటర్ల పైమాటే. ఆ వైపు వాళ్లు అందుకే ఒడిశాలోని బరంపురం పరిగెడతారు. కొండ మీది గూడేల నుంచయితే రోడ్డెక్కడానికే సగం పూట.

గంటలోపు ఇస్తేనే పని చేసే మందుని గంటకి పైగా దూరంలో పెట్టుకుని కూర్చుంటే ఎవరికి లాభం? ఆ పొడి డబ్బా ఆరోగ్య కేంద్రంలోనే ఉండాలి, 108లో ఉండాలి. ఇంట్లో వద్దంటే ఒప్పుకుంటాను. పల్లెలో కూడా వద్దంటే ఒప్పుకోను.

అంగన్‌వాడీ_అప్ప

డాక్టర్ బాబూ, ఐరన్ మాత్రలకి అంటుకోదన్నారు కదా, అది ఇంకాస్త వివరంగా చెప్పండి. గర్భిణులకి ఇచ్చే ఎర్ర మాత్రలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. చాలామంది వేసుకోరు, గూట్లో పడేస్తారు. రెండేళ్ల గుంటడికి అవి బిళ్లల్లా కనబడతాయి. మేము ఇళ్లకి వెళ్లినప్పుడు డబ్బా పైన పెట్టండని మొత్తుకుంటాం. "ఐరనే కదా, బలమేగా" అంటారు.

క్యాజువాలిటీ_నైట్

@అంగన్‌వాడీ_అప్ప, ముందుగా నమస్కారం పెట్టాల్సింది మీకే. పిల్లల విషయంలో ఐరన్‌ని "బలం మందు" అనుకోవడమే గండం. ఎక్కువ మింగితే మొదట వాంతులు, నల్లటి లేదా రక్తపు విరేచనాలు అవుతాయి. తర్వాత కొన్ని గంటలు పిల్లాడు తేరుకున్నట్టు కనిపిస్తాడు. తల్లిదండ్రులు ఇంటికి తీసుకుపోతామంటారు. అసలు దెబ్బ ఆ తర్వాత పడుతుంది, బీపీ పడిపోవడం, కాలేయం దెబ్బతినడం. చార్‌కోల్ దానికి పనికిరాదు. రక్తంలో ఐరన్‌ని పట్టుకునే డెఫెరాక్సమిన్ అనే ఇంజెక్షన్ వేరే ఉంది. ఎన్ని మాత్రలు తగ్గాయో లెక్కపెట్టి, ఆ స్ట్రిప్పుతో సహా వస్తే సగం పని తేలికవుతుంది.

ఇలా "తేరుకున్నట్టు" కనిపించే మోసం ఇంకో రెండిటిలో ఉంది. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. ఎలుకల పేస్టు కొన్నిటిలోని పచ్చ భాస్వరం కూడా అంతే, రెండు మూడు రోజులకి కళ్లు పచ్చబడతాయి. "బాగానే ఉన్నాడు కదా, ఇంక చూపించేదేంటి" అని ఇంట్లో ఉంచేయకండి. పారాసిటమాల్‌కయితే విరుగుడు ఉంది, ఎన్-అసిటైల్ సిస్టీన్. మొదటి ఎనిమిది గంటల్లో మొదలుపెడితే చాలా బాగా పని చేస్తుంది.

@పాతపట్నం_మాస్టారు, మీ ప్రశ్నకి డ్యూటీ అయ్యాక వస్తాను.

గజపతినగరం_రైతు

మరి మా వైపు ఎక్కువ వచ్చేది పురుగుల మందే కదా. పొలంలో కొట్టేటప్పుడు పడిపోయినవాళ్లూ ఉంటారు. దానికి బొగ్గు పని చేస్తుందా లేదా? ఆ ఒక్క ముక్క సూటిగా చెప్పండి. మా దగ్గర ముందుగా సబ్బు నీళ్లు తాగిస్తారు, లేదంటే ఉప్పు నీళ్లు. చింతపండు రసం కూడా చూశాను.

నిర్వాహకులు

చిన్న జోక్యం. ఏది ఎంత తాగితే ఏమవుతుందని అడిగిన రెండు పోస్టులు తీసేశాను. ఈ చర్చ మనుషుల్ని కాపాడటం గురించి, అందరూ గుర్తుంచుకోండి. చదువుతున్నవాళ్లలో ఎవరికైనా మనసు బరువుగా ఉంటే, బతకాలని లేదనిపిస్తే, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ఏ వేళలోనైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇక్కడ ప్రైవేటు సందేశం పెట్టినా పలుకుతాను.

క్యాజువాలిటీ_నైట్

@గజపతినగరం_రైతు గారూ, సూటిగానే చెబుతాను. మన దగ్గర ఎక్కువగా చూసే ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుల మందుల్లో ప్రాణం నిలబెట్టేది బొగ్గు కాదు. అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్, ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్. చొంగ, చెమట, కళ్లలో పాప చుక్కలా చిన్నదైపోవడం, ఊపిరితిత్తుల నిండా నీరు, ఇవి కనబడగానే మేము అట్రోపిన్ మొదలుపెడతాం, ఊపిరితిత్తులు పొడిబారేదాకా పెంచుకుంటూ పోతాం. చార్‌కోల్ అన్నది ఆ తర్వాతి సంగతి.

ఊహ కాదిది, లెక్కలున్నాయి. పక్కనున్న శ్రీలంక పల్లెల్లో మనలాంటి కేసులే వస్తాయి. అక్కడి ఆసుపత్రుల్లో పురుగుల మందు, పచ్చగన్నేరు గింజల్లాంటివి మింగిన 4632 మంది మీద చేసిన పరీక్ష 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొందరికి చార్‌కోల్ ఇవ్వలేదు, కొందరికి ఒకసారి, కొందరికి పలుమార్లు ఇచ్చారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకు ముందు 2003లో అక్కడే పచ్చగన్నేరు కేసుల మీద చేసిన చిన్న పరీక్షలో పలుమార్లు ఇస్తే మరణాలు తగ్గినట్టు కనబడింది. రెండూ మంచి పరీక్షలే, జవాబులు వేరు. అందుకే పచ్చగన్నేరు విషయంలో డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. నేను మటుకు మనిషి మెలకువగా ఉండి, త్వరగా వస్తే ఇస్తాను.

సబ్బు నీళ్లు తాగడానికి కాదు, ఒళ్లు కడగడానికి వాడండి. మందు పడిన బట్టలు విప్పేసి చర్మం, జుట్టు సబ్బుతో కడిగితే నిజంగా మేలు, చర్మం నుంచి కూడా లోపలికి వెళ్తుంది కాబట్టి. కడిగేవాళ్లు చేతులకి గ్లవుజులు, లేదంటే ప్లాస్టిక్ కవర్లయినా తొడుక్కోవాలి. ఉప్పు నీళ్లు అసలు వద్దు. వాంతి అవ్వకపోతే ఆ ఉప్పంతా రక్తంలోకి పోతుంది, దానితోనే ఫిట్స్ వచ్చిన పిల్లల్ని చూశాం. గొంతులో వేలు పెట్టడం, చింతపండు, గుడ్డు సొన, ఏవీ వద్దు. కలుపు మందు తాగితే మాత్రం అన్నిటికన్నా తొందర, దారిలో ఎక్కడా ఆగకండి.

ఏటిగట్టు

డాక్టర్ గారూ, మా ఇంటి కుక్క ఎలకల బిస్కెట్టు తింటే ఏటి చెయ్యాలి? నవ్వులాటకి కాదు.

రాజాం_మందులషాపు

@ఏటిగట్టు పశువుల డాక్టర్లు కూడా చార్‌కోల్ వాడతారు. బిస్కెట్టు ప్యాకెట్టు పట్టుకుని పశువైద్యశాలకి పరిగెత్తండి, ఇక్కడ అడగడం కన్నా అదే త్వరగా అవుతుంది.

చిప్పల_లోడు

మా వైపు ఒక నర్సింగ్ హోమ్‌లో, పేరు వద్దులెండి, స్పృహ లేని మా దూరపు చుట్టానికి నల్లటి నీళ్లు నోట్లోనే పోశారు. తర్వాత దగ్గు, జ్వరం, నెల్లాళ్లు మంచం. అప్పుడు విషం వల్లే అనుకున్నాం. డాక్టర్ గారి పోస్టు చదివాక అనుమానం వస్తోంది.

క్యాజువాలిటీ_నైట్

ఆ కేసు నేను చూడలేదు కాబట్టి ఏమీ అనను. విషం వల్ల కూడా న్యుమోనియా రావచ్చు.

ఇక మాస్టారు గారి ప్రశ్న. సార్, మీ కోపం న్యాయమే. ఆరోగ్య కేంద్రంలో చార్‌కోల్ ఉండాలనే నేనూ అంటాను. మెలకువగా ఉన్న మనిషి, మింగి ఎక్కువసేపు కాలేదు, మింగింది బొగ్గుకి అంటుకునే రకం, అప్పుడు అక్కడి డాక్టరే ఇచ్చి పంపితే తప్పకుండా మంచిది. నా భయమల్లా ఒకటే. డబ్బా అక్కడ ఉందంటే వచ్చిన ప్రతివాళ్లకీ పోస్తారు, పోశాం కదా అని పంపడం ఆలస్యం చేస్తారు. పురుగుల మందు కేసులో ఆ పావుగంట అట్రోపిన్‌కి పెట్టాల్సింది.

108 విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించను. కదిలే బండిలో, గతుకుల రోడ్డు మీద, ఏ క్షణంలో మగతలోకి జారతాడో తెలియని మనిషికి వాంతి తెప్పించే ద్రవం తాగించడం నాకు ధైర్యం చాలదు. ఇచ్చిన తర్వాత కొంతమంది కక్కుతారు సార్. బండిలో టెక్నీషియన్ ఒక్కడే ఉంటాడు.

పాతపట్నం_మాస్టారు

ఒక్కడే ఉంటాడు కాబట్టి ఇవ్వొద్దంటే, ఇద్దర్ని పెట్టమని అడగాలి కానీ మందు వద్దనడం ఏమిటి? 108 మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. అప్పుడూ ఇలాగే అనుమానపడ్డారు, పల్లె రోడ్డు మీద అంబులెన్సు ఏం చేస్తుందని. ఇప్పుడు అది లేని ఊరు ఊహించగలమా? టెక్నీషియన్ ఫోన్‌లో డాక్టర్‌ని అడిగి, ఆయన ఒప్పుకుంటేనే ఇవ్వాలని నియమం పెట్టండి.

శ్రీలంక లెక్క కూడా నా వాదాన్ని కొట్టెయ్యదు డాక్టర్ గారూ. అక్కడ పరీక్ష జరిగింది ఆసుపత్రిలో. వాళ్లలో చాలామంది ఆలస్యంగానే వచ్చి ఉంటారు కదా. ఇంటి గుమ్మంలో ఇస్తే ఏమయ్యేదో ఆ లెక్క చెప్పదు.

క్యాజువాలిటీ_నైట్

చెప్పదు, నిజమే. గుమ్మంలో ఇస్తే మంచిదని కూడా చెప్పదు. ఫోన్‌లో అడిగి ఇవ్వడమన్నది ఆలోచించదగ్గదే. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతుంది, టోల్ ఫ్రీ. మేమే సందేహం వస్తే అడుగుతాం. ఇళ్లలోవాళ్లూ అడగొచ్చు. కానీ ముందు 108కి చేయండి, బండి వచ్చేలోపు ఇది చేయండి.

కవిటి_కొబ్బరి

అందరికీ ధన్యవాదాలు. గ్రూపులో ఏం పెట్టాలో రాశాను, తప్పుంటే దిద్దండి:

"ఇంటి బొగ్గు, మాడిన అట్టు విషానికి మందు కాదు. ఏమీ తాగించకండి, వాంతి చేయించకండి. మగతగా ఉంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. బట్టల మీద మందు పడితే విప్పి ఒళ్లు కడగండి. 108కి ఫోన్ చేయండి. సీసా, స్ట్రిప్పు, కాయ, ఏదైతే అది కూడా తీసుకెళ్లండి."

క్యాజువాలిటీ_నైట్

బాగుంది. ఎప్పుడు మింగారో టైమ్ కూడా చెప్పాలని కలపండి. సీసా లేకపోతే లేబుల్ ఫోటో అయినా చాలు. "ఏదో మందు తాగాడు సార్" అంటే మేము చీకట్లో తడుముకోవాలి. వచ్చినవాళ్లలో చాలామంది పోలీసు కేసు భయంతో సీసా పారేసి వస్తారు. ఆ భయంతో నిజం దాచకండి. మాకు మింగినదాని పేరు కావాలి, కారణం కాదు.

అంగన్‌వాడీ_అప్ప

ఇంకో ముక్క కలపండి తమ్ముడూ. కూల్‌డ్రింకు సీసాల్లో కిరోసిన్, ఫినాయిల్, పురుగుల మందు పోసి ఉంచవద్దని. మా దగ్గరికి వచ్చే పిల్లల ఇళ్లలో సగానికి సగం ఇదే అలవాటు. దాహమేసిన గుంటడు ఆ సీసాలో ఏముందో చదవడు కదా.

గజపతినగరం_రైతు

చార్‌కోల్ వేసుకునేవాళ్లకి మామూలుగా వేసుకునే బీపీ మాత్రలు పని చేస్తాయా? మా పెదనాన్న గ్యాసుకని రోజూ చార్‌కోల్ మాత్ర వేసుకుంటున్నాడు.

రాజాం_మందులషాపు

అది మంచి మందుని, చెడ్డ మందుని వేరు చేసి చూడదండీ. బీపీ మాత్ర, షుగరు మాత్ర, ఏది దొరికితే అది అంటుకోవచ్చు. రెండిటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచమనండి. రోజూ ఎందుకు వేసుకుంటున్నాడో డాక్టర్‌ని అడగమనండి. మలం నల్లగా వస్తే చార్‌కోల్ వల్లే కావచ్చు, కానీ కడుపులో రక్తం పోయినా నల్లగానే వస్తుంది, గుర్తుంచుకోండి.

పాతపట్నం_మాస్టారు

మా ఆరోగ్య కేంద్రం అభివృద్ధి సంఘంలో నేనూ సభ్యుణ్ణే. వచ్చే సమావేశంలో చార్‌కోల్, అట్రోపిన్ రెండూ ఎంత నిల్వ ఉన్నాయో అడుగుతాను. 108 గొడవ డాక్టర్ గారితో ఇంకా తేలలేదు, దానికోసం వేరే చర్చ మొదలుపెడతాను. మందుల షాపు బాబూ, ఇండెంటులో ఏమని రాయించాలి?

రాజాం_మందులషాపు

ఉత్త "చార్‌కోల్" అని రాస్తే ఉబ్బరం మాత్రల డబ్బాలు దిగుతాయి మాస్టారూ. "యాక్టివేటెడ్ చార్‌కోల్ పౌడర్, ఐపీ" అని రాయించండి, ఐపీ అంటే ఇండియన్ ఫార్మకోపియా, మన దేశపు మందుల నాణ్యత ప్రమాణం. మూత గట్టిగా బిగించి ఉంచమనండి, తెరిచి పెడితే గాలిలోని తేమ, వాసనలు కూడా పట్టేసుకుంటుంది. కలపడానికి పెద్ద గ్లాసు, స్ట్రా పక్కనే పెట్టమనండి. నల్లటి నీళ్లు చూసి పిల్లలు నోరు తెరవరు, మూత ఉన్న గ్లాసులో పోసి ఇస్తే తాగుతారు.